టీ కొట్టు దగ్గర ఏడు రోజులు: రోజూ చూసేదాన్ని సమాజశాస్త్రంతో చదవడం ఎలా

పొద్దున ఆరున్నర. మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా ఒక టీ కొట్టు. బెంచీల మీద, చెట్టు కింద దిమ్మె మీద, ఆపిన బండ్ల మీద కలిపి పదిహేను మంది ఉంటారు. ఒక్క ఆడమనిషి కనపడదు. ఎందుకని అక్కడున్న ఎవరిని అడిగినా జవాబు దాదాపు ఒకటే: "ఆడవాళ్లకు ఇక్కడేం పని?" రోజూ ఆ దారిన పోయేవాళ్లకి ఇందులో చూడాల్సిందేమీ తోచదు. అడగడం కూడా దండగ అనిపించే ఇలాంటి ప్రశ్న దగ్గరే సమాజశాస్త్రం మొదలవుతుంది.

దీన్ని సాధన చేసి నేర్చుకోవాలి, ఈతలాగా. గట్టున కూర్చుని ఎన్ని పుస్తకాలు చదివినా సరిపోదు. కింద చెప్పే పద్ధతికి కావలసినవి: ఒక చోటు, వరసగా ఏడు రోజులు, రోజుకు నలభై నిమిషాలు, జేబులో పట్టే నోటు పుస్తకం, ఒక పెన్ను, ఇంటికొచ్చాక రాసుకోవడానికి మరో అరగంట. టీ కొట్టును ఉదాహరణగా తీసుకున్నాం. ఆర్టీసీ బస్సు, రేషను షాపు వరస, మంచినీళ్ల ప్లాంటు, అపార్టుమెంటు లిఫ్టు, పెళ్లి భోజనాల పందిరి, దేన్ని తీసుకున్నా పద్ధతి ఇదే.

మొదలుపెట్టే ముందు: ప్రశ్నను మార్చుకోవడం

మామూలుగా మనం మనిషిని చూసి మనిషి గురించే తీర్పు చెబుతాం. వాడు సోమరి, ఆమె గయ్యాళి, ఈయన మర్యాదస్థుడు అంటాం. సమాజశాస్త్రం అడిగేది వేరు: ఈ మనిషి స్థానంలో ఇంకొకరిని నిలబెడితే వాళ్లూ దాదాపు ఇలాగే చేస్తారా? చేస్తారంటే కారణాన్ని ఆ మనిషి స్వభావంలో వెతకడం దండగ. ఆ స్థానం ఎలా ఏర్పడిందో వెతకాలి.

అమెరికా సమాజశాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ 1959లో ఈ తేడాను చాలా సులువైన లెక్కతో చెప్పాడు. లక్షమంది ఉన్న నగరంలో ఒక్కడికి ఉద్యోగం లేకపోతే అది అతని సొంత ఇబ్బంది, అతని నైపుణ్యం, తీరు చూడొచ్చు. 5 కోట్లమంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే మాత్రం ఒక్కొక్కరి తీరు చూసి లాభం లేదు, అది ఆ దేశపు ఏర్పాట్లకు సంబంధించిన సమస్య. ఇంటర్ తప్పిన ఒక్క పిల్లాడి గురించి "చదవలేదు" అనొచ్చు. ఒకే కాలేజీలో ఒకే సబ్జెక్టులో సగంమంది తప్పితే ముందు ఆ సబ్జెక్టు లెక్చరరు పోస్టు ఎన్ని నెలలు ఖాళీగా ఉందో కనుక్కోవాలి.

మొదటి రోజు: చోటు, పటం

చోటు ఎంచుకోవడంలోనే చాలామంది దెబ్బతింటారు. "మన ఊళ్లో కులం", "యువత మీద ఫోన్ల ప్రభావం" అని పెద్ద తలకట్టు పెట్టుకుంటే ఏడు రోజుల తర్వాత చేతిలో మిగిలేది ముందునుంచీ ఉన్న అభిప్రాయాలే. చోటు ఎంత చిన్నదైతే అంత మంచిది. ఒక కంటి చూపులో మొత్తం కనపడాలి, జనం వస్తూ పోతూ ఉండాలి, మీరు నలభై నిమిషాలు కూర్చున్నా ఎవరికీ వింతగా అనిపించకూడదు. టీ కొట్టుకు ఈ మూడూ ఉన్నాయి. ఆడవాళ్లు చూడదలుచుకుంటే మూడోది అంత తేలిగ్గా కుదరదు. కుదరకపోవడం ఎలా ఉందో, ఎవరు ఎంతసేపు చూశారో, ఏమడిగారో అదే మొదటి పేజీ అవుతుంది.

మొదటి రోజు మనుషుల గురించి ఏమీ రాయొద్దు, పటం గీయండి. పొయ్యి, గల్లా పెట్టె, బెంచీలు, ఎండ ఏ గంటకు ఏ బెంచీ మీద పడుతుంది, గ్లాసులు కడిగే బకెట్టు, తాగిన కప్పులు వేసే డబ్బా, పేపరు ఎక్కడ పెడతారు, ఖాళీ స్థలమెంత, రోడ్డు ఎటు. తర్వాత బాణం గుర్తులతో జనం ఎటునుంచి వచ్చి ఎక్కడ ఆగుతున్నారో గుర్తుపెట్టండి. అరగంటలోనే ఒకటి తేలుతుంది: ఖాళీ ఉన్నంత మాత్రాన జనం అక్కడ కూర్చోరు. గల్లా పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో ఎవరూ కూర్చోరు, ఒక ఫలానా ఆయన రాగానే మాత్రం అది ఆయనదవుతుంది. కొందరు బెంచీ ఖాళీగా ఉన్నా కప్పు తీసుకుని రోడ్డు అవతలికి వెళ్లి నిలబడి తాగుతారు. కారణాలు రాయొద్దు, గుర్తు మాత్రం పెట్టండి.

మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టారో కూడా పటంలో వేయాలి. బల్ల తుడిచి కుర్చీ చూపించారా, జరిగి చోటిచ్చారా, అసలు పట్టించుకోలేదా? చూసేవాడు పటం బయట ఉండడు. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు దగ్గర రామపుర అని పేరు మార్చి రాసిన ఊళ్లో ఉన్నప్పుడు ఆయనకు బస ఇచ్చింది ఊరి పెద్ద. ఆ బస వల్ల ఆయనకు తెరుచుకున్న తలుపులు ఉన్నాయి, మూసుకున్నవీ ఉన్నాయి. దళితుల జీవితం తనకు అంత దగ్గరగా తెలియలేదని ఆయనే ఒప్పుకున్నాడు.

రెండో రోజు: లెక్క ముందు, అభిప్రాయం తర్వాత

పేజీని నిలువుగా గీతలు కొట్టి ఈ వరసలు పెట్టుకోండి: వచ్చిన టైము, మగ లేక ఆడ, సుమారు వయసు, ఒంటరిగానా తోడుతోనా, కూర్చున్నారా నిలబడ్డారా, గాజు గ్లాసా, స్టీలు గ్లాసా, పేపరు కప్పా, డబ్బు ఇచ్చింది చిల్లరా, ఫోనా, ఖాతానా, వెళ్లిన టైము. నలభై నిమిషాల్లో ముప్పై మంది దాటితే అందరినీ రాయలేరు. అప్పుడు మూడో మనిషిని, ఆరో మనిషిని, తొమ్మిదో మనిషిని, ఇలా లెక్కప్రకారం పట్టుకోండి. "ఆసక్తిగా అనిపించిన వాళ్లని" రాస్తే ఇక ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే మనకు ఆసక్తి పుట్టించేది ఎప్పుడూ మామూలుకు భిన్నంగా ఉన్నదే. మామూలును పట్టుకోవడానికే కదా ఈ పాట్లు.

పొద్దున, మధ్యాహ్నం పదకొండు ప్రాంతం, సాయంత్రం ఐదున్నర, వారంలో ఈ మూడు పూటలూ కలవాలి. సంత రోజు ఒకటి పడితే మంచిది. పొద్దున్న పదిహేనుమంది మగవాళ్లే ఉన్న చోట సంతరోజు పదకొండు గంటలకు కూరగాయల గంప పక్కన పెట్టుకుని టీ తాగే ఆడవాళ్లు కనపడితే, "ఆడవాళ్లకు ఇక్కడేం పని" అన్న మాట పూర్తి నిజం కాదని తేలిపోయింది. ఏ ఆడవాళ్లకు, ఏ పూట, ఏ పని మీద అన్నది అసలు ప్రశ్నగా మారింది.

రాసుకునే తీరు: రెండు వైపుల పుస్తకం

పుస్తకం తెరిస్తే ఎడమవైపు పేజీలో చూసింది, విన్నది. కుడివైపు మీకు అనిపించింది. ఈ రెండూ కలిస్తే మొత్తం పాడవుతుంది. అలవాటు పడేదాకా ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఎడమవైపు విశేషణాలు రాయకూడదు.

పనికిరాని వాక్యం: "పనీపాటా లేని కుర్రాళ్లు కొందరు గంటలకొద్దీ బాతాఖానీ కొడుతున్నారు."

పనికొచ్చే వాక్యం: "5:40కి నలుగురు, ఇరవై దాటిన వయసు. రెండు టీలు, నాలుగు కప్పుల్లో. 6:35కి లేచారు. మధ్యలో ఇద్దరు మూడుసార్లు ఫోను చూసి 'ఇంకా రాలేదు' అన్నారు."

రెండో వాక్యం రాసినవాడికి రేపు అడగడానికి ఒక ప్రశ్న ఉంది: ఏం రాలేదు? నోటిఫికేషనా, పరీక్ష ఫలితమా, డెలివరీ ఆర్డరా? ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడు టీ కొట్టు దగ్గర ఖాళీగా కనిపించే గంట నిజానికి అతని పనిగంటే. ఆర్డరు కోసం ఎదురుచూసే ఆ సమయానికి డబ్బు రాదు, అంతే. మొదటి వాక్యం రాసినవాడికి అడగడానికి ఏమీ మిగల్లేదు, తీర్పు అయిపోయింది.

అక్కడే కూర్చుని పేజీలు నింపకండి, జనం మాటలు మార్చేస్తారు. చిన్న చిన్న గుర్తులు వేసుకుని, ఇంటికి చేరిన గంటలోపు విడమరిచి రాయండి. రాత్రి పడుకుని లేస్తే మాటలు పోయి సారాంశం మిగులుతుంది, ఆ సారాంశం మీ భాషలో ఉంటుంది. రాసిన పేజీని ఏ పూటకాపూట ఫోనుతో ఫోటో తీసి దాచండి. శ్రీనివాస్ ఏళ్ల తరబడి తయారుచేసుకున్న నోట్సు ప్రతులు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన దహనకాండలో కాలిపోయాయి. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి 1976లో 'ది రిమెంబర్డ్ విలేజ్' అన్న పుస్తకం తెచ్చాడు, పేరులోనే జ్ఞాపకం ఉంది. అంత జ్ఞాపకశక్తి మనకుందని నమ్మకపోవడమే క్షేమం.

మూడో రోజు: కొట్టు వెనక

ఇప్పటిదాకా వేసిన లెక్కలో ఒక తప్పు ఉండే అవకాశం ఎక్కువ. "ఒక్క ఆడమనిషి లేదు" అని మొదటి పేరాలో రాసిన మాటనే పరీక్షించండి. చిన్న ఊళ్లలో చాలా టీ కొట్లు భార్యాభర్తలు కలిసి నడిపేవే. ఆయన పొయ్యి దగ్గర, గల్లా దగ్గర ఉంటాడు. ఆమె రేకుల గోడ వెనక పునుగుల పిండి కలుపుతూ, మిరపకాయలు చీలుస్తూ, గిన్నెలు తోముతూ ఉంటుంది. పాలు కాచింది తెల్లవారుజామున ఆమే కావచ్చు. లెక్కలో తాగేవాళ్లని పట్టుకున్నాం, చేసేవాళ్లని వదిలేశాం. బోర్డు మీద పేరు ఎవరిదో, ఫోను చెల్లింపుల స్కానరు ఎవరి ఖాతాకు కట్టి ఉందో చూసి రాసుకోండి. మగవాళ్ల చోటు అనుకున్నది ఆడమనిషి శ్రమ మీద నడుస్తోందని అప్పుడు లెక్కలోకి వస్తుంది.

సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్మన్ స్కాట్లాండుకు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో హోటలు వంటగదినీ భోజనాల గదినీ పక్కపక్కన పెట్టి చూసి, మనుషులు తెర ముందు ఒకలా, తెర వెనక ఒకలా ఉంటారని రాశాడు. మనకు నాటకం భాషలో ఇది కొత్త కాదు. ఎవరి పనిని తెర వెనక పెడతారు, ఎవరు తెర ముందుకు రాకూడదు అన్నది మాత్రం కొట్టు కొట్టుకూ తిరిగి చూడాల్సిన విషయం.

ఇక్కడినుంచి మీ సొంత ఇంటికి ఒక చిన్న దారి ఉంది. పొద్దున ఐదు నుంచి తొమ్మిది వరకూ ఇంట్లో ఎవరు ఏం చేశారో పదిహేను నిమిషాలకొక గడి చొప్పున ఒక్కరోజు రాయండి. కేంద్ర గణాంకశాఖ 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ఇదే పని దేశమంతా చేసింది. ఆరేళ్లు దాటినవాళ్లలో, జీతం లేని ఇంటిపనిలో రోజూ పాల్గొన్న ఆడవాళ్లు 81 శాతం, మగవాళ్లు 26 శాతం. పాల్గొన్నవాళ్లు వెచ్చించింది ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97. పొద్దున ఆరున్నరకు టీ కొట్టు దగ్గర పదిహేనుమంది మగవాళ్లు ఎందుకు ఉన్నారన్నదానికి సగం జవాబు ఈ అంకెల్లో ఉంది. వాళ్లు అక్కడ కూర్చోగలుగుతున్నారు, ఎందుకంటే ఆ గంటలో టిఫిను, బాక్సులు, పిల్లల జడలు ఇంకొకరి చేతిమీద జరిగిపోతున్నాయి.

ఒక్కసారి గడులు నింపేటప్పుడు జరిగే పొరపాటు: రెండు పనులు ఒకేసారి చేస్తే ఒకటే రాయడం. పొయ్యి మీద కూర పెట్టి పిల్లాడి చేత ఎక్కాలు చెప్పించే పావుగంటను "వంట" అని రాస్తే రెండో పని మాయమైపోతుంది. గడిని అడ్డంగా చీల్చి రెండూ రాయండి.

నాలుగో రోజు: పిలుపుల పట్టిక

ఈ రోజు కళ్లు పక్కనపెట్టి చెవులకు పని చెప్పాలి. తెలుగులో సమాజాన్ని చదవడానికి ఇంతకంటే చవకైన పనిముట్టు లేదు, అందుకే దీనికి ఒక పూర్తి రోజు.

ఎవరు ఎవరిని ఏమని పిలిచారు, తిరిగి వాళ్లు ఏమని పిలిచారు, ఈ రెండింటినీ జంటగా రాయండి. ఒకవైపు పిలుపు మాత్రమే రాస్తే సగం పోయినట్టే. క్రియ చివరలు కూడా పట్టుకోవాలి: రా, రావయ్యా, రండి, దయచేయండి. లేని మనిషి గురించి మాట్లాడుకునేటప్పుడు వాడు, అతను, ఆయన, వారు. అది, ఆమె, ఆవిడ, వారు. ఎవరు ఎదురుగా ఉన్నప్పుడు "గారు", పక్కకు వెళ్లగానే "వాడు" అవుతున్నారో వినండి.

నమూనాకు కొన్ని జంటలు:
"ఏం బాబాయ్" ఇచ్చి "చెప్పరా అబ్బాయ్" పుచ్చుకోవడం: వయసు తేడా, దగ్గరితనం ఉన్నాయి.
"అన్నా" ఇచ్చి "అన్నా" పుచ్చుకోవడం: ఇద్దరూ ఎవరికి ఎవరు పెద్దో తేల్చుకోదలుచుకోలేదు. ఆటోస్టాండులో, హైదరాబాదు రోడ్ల మీద ఇది సర్వసాధారణం.
"సార్" ఇచ్చి పేరు పుచ్చుకోవడం: ఉద్యోగమో హోదానో మధ్యలో ఉంది.
అరవై ఏళ్ల మనిషికి ఇరవై ఏళ్ల కుర్రాడు ఏకవచనం వాడటం, ఆ పెద్దాయన తిరిగి "అండి" అనడం: ఇక్కడ ఆగండి.

చివరి జంటలో వయసు ఓడిపోయింది. తెలుగు సమాజంలో వయసుకు ఇచ్చే మర్యాద గురించి ఎన్ని ఉపన్యాసాలైనా వింటాం, కానీ దాన్ని ఓడించగలిగేది ఇంకొకటుందని ఈ జంట చెబుతోంది. చాలాచోట్ల అది కులం. కొన్నిచోట్ల భూమి, కొన్నిచోట్ల అప్పు. ఏదో ఊహించొద్దు. అదే కుర్రాడు అదే వయసున్న ఇంకో పెద్దాయనకు ఏమన్నాడో కనీసం మూడు జంటలు పట్టుకుని పోల్చండి. అమెరికా పరిశోధకులు రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో ఐరోపా భాషల సర్వనామాల మీద రాస్తూ చెప్పిన సూత్రం ఇక్కడ అచ్చంగా పనిచేస్తుంది: ఇచ్చిందే తిరిగి వస్తే అది సమానత్వమో చనువో. ఇచ్చిందొకటి, వచ్చిందొకటి అయితే మధ్యలో అధికారం ఉంది.

తెలంగాణలో ఒకప్పటి "దొరా, నీ బాంచన్" అన్న పిలుపుకు తిరుగు పిలుపుగా వచ్చేది తిట్టో, తెగ్గొట్టిన పేరో. వెట్టికి ఎదురుతిరిగిన 1946-51 సాయుధ పోరాటంలో భూమితోపాటు ఈ పిలుపు కూడా పోరాట విషయమే. పిలుపు మారడం చిన్న సంగతి కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వ్యాకరణంలోనే దాగిన సంగతొకటి: "అతను వచ్చాడు" అంటాం, మగవాడికి వేరే క్రియ ఉంది. కానీ "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది" రెండింటికీ ఒకే క్రియ. గౌరవించాలంటే ప్రత్యేకంగా "ఆవిడ వచ్చారు" అనాలి. మీ పట్టికలో ఏ ఆడవాళ్లకు ఆ "వచ్చారు" దక్కింది? టీచరమ్మకు, డాక్టరమ్మకు. గిన్నెలు తోమే ఆమెకు?

ఐదో రోజు: కట్టుబాటు తెగినప్పుడు

కట్టుబాటు నడుస్తున్నంతసేపు కనపడదు, తెగినప్పుడు కనపడుతుంది. అమెరికా సమాజశాస్త్రవేత్త హెరాల్డ్ గార్ఫింకెల్ తన విద్యార్థులను సొంత ఇళ్లలో పదిహేను నిమిషాల నుంచి గంట దాకా అద్దెకున్నవాళ్లలా మర్యాదగా ప్రవర్తించమన్నాడు. ఇళ్లవాళ్లకు కోపాలొచ్చాయి, నీకు ఒంట్లో బాలేదా అన్నారు. అమ్మను "కొంచెం నీళ్లు తీసుకోవచ్చాండీ" అని అడిగి చూస్తే సంగతి అర్థమవుతుంది. ఇంట్లో ఈ ప్రయోగం నవ్వులతో ముగుస్తుంది.

టీ కొట్టు దగ్గర మాత్రం మీరుగా ఏ కట్టుబాటునూ తెంచొద్దు. ఈ హెచ్చరిక ఊరికే చేస్తున్నది కాదు. 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మారణకాండకు దారితీసిన గొడవ తాగునీటి చెరువు దగ్గర మొదలైంది. 1991 ఆగస్టులో అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో దళితుల హత్యలకు ముందు, సినిమా హాల్లో కాలు తగిలిన సంఘటన ఉంది. నీళ్లు, సినిమా హాలు, కాలు తగలడం, అన్నీ రోజువారీ సంగతులే. ఎవరి కాలు ఎవరికి తగిలిందన్నదే తేడా. కట్టుబాటు తెంచినందుకు మీరు మూల్యం కట్టకపోవచ్చు, పక్కనున్నవాళ్లు కట్టాల్సి రావచ్చు.

కాబట్టి తనంతట తాను తెగే సందర్భం కోసం కాచుకోండి. ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చిన కూలీలు కొత్తగా వచ్చి, ఎవరి కుర్చీయో తెలియక కూర్చోవడం. అమ్మాయిలు ఇద్దరు బండి ఆపి టీ అడగడం. కొట్టు ఓనరు ఊరెళ్లి కొడుకు కూర్చున్న రోజు. అప్పుడు ఎవరు ఎటు చూశారు, ఎవరి మాట ఆగింది, ఎవరు సర్దుకున్నారు, ఎవరు నవ్వారు, క్షణాల లెక్కన రాయండి.

గ్లాసు సంగతి ఇక్కడే. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో టీ కొట్ల దగ్గర దళితులకు వేరే గ్లాసులు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి మీద పోరాటాలు చాలా జరిగాయి. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో దాన్ని శిక్షార్హం చేసే చట్టం వచ్చింది. పేపరు కప్పు వచ్చాక చాలాచోట్ల ఈ తగాదా పైకి కనపడకుండా పోయింది. కప్పు అందరికీ ఒకటే, కడగక్కర్లేదు. ఎవరూ మనసు మార్చుకోకుండానే ఆచారం మాయమైనట్టుంటుంది. నిజంగా పోయిందా అని చూడాలంటే కప్పును వదిలేసి మూడు చూడండి: ఒకే పూట కొందరికి గాజు గ్లాసు, కొందరికి పేపరు కప్పు ఇస్తున్నారా? ఇస్తే ఆ ఎంపిక ఎవరిది, అడిగి ఇస్తున్నారా, అడక్కుండానా? బెంచీ మీద ఎవరెవరు పక్కపక్కన కూర్చుంటున్నారు? భారత మానవాభివృద్ధి సర్వేలో 2011-12లో ఇంటికొచ్చి అడిగినవాళ్లకే సుమారు 27 శాతం కుటుంబాలు తమ ఇంట్లో ఏదో రూపంలో అంటరానితనం పాటిస్తామని చెప్పాయి. ఒప్పుకున్నవాళ్ల లెక్క ఇది.

అయితే పేపరు కప్పు కనపడిన ప్రతిచోటా కులం చదవడం కూడా తప్పే. నీళ్ల కరువు, గ్లాసులు కడిగే మనిషి దొరక్కపోవడం, కోవిడ్ తర్వాతి భయం, ఇవన్నీ కప్పుకు కారణాలే. ఒక కారణం నచ్చిందని మిగతావి చెరిపేస్తే అది శాస్త్రం కాదు, కక్ష.

ఆరో రోజు: ఎప్పటినుంచి? ఇంకెక్కడ?

"ఎప్పట్నుంచో ఇంతే" అన్న మాట విన్నప్పుడల్లా తారీఖు అడగండి. టీ తాగడమే తీసుకోండి. మన తాతముత్తాతల అలవాటనుకుంటాం. ఎగుమతి కోసం పండించిన తేయాకును ఈ దేశంలోనే అమ్ముకోవాలని టీ కంపెనీలు పట్టుబట్టి చేసిన ప్రచారం దీని వెనక ఉంది. 1903లో టీ మీద సెస్సు వేసి ఆ డబ్బుతో ప్రచారం మొదలుపెట్టారు, 1930ల మాంద్యంలో సరుకు పేరుకుపోయాక దాన్ని ఇంకా పెంచారు. అదే దశకం మొదట్లో అస్సాంలో సీటీసీ యంత్రం వచ్చింది. ఆకును చిదిమి గింజల్లా చేసే ఆ పొడి కొంచెం వేస్తేనే ముదురు రంగు వస్తుంది, పాలు పోసినా నిలుస్తుంది. చవక టీకి దారి అది. అంటే మన ఊరి రచ్చబండ పక్కకు టీ కొట్టు రావడం ముత్తాతల కాలం మాట కూడా కాకపోవచ్చు. ఊళ్లో డెబ్బై దాటిన ముగ్గురిని అడగండి: మీ చిన్నప్పుడు పొద్దున ఏం తాగేవారు, మొదటి టీ కొట్టు ఎవరు పెట్టారు, ఎక్కడ. గంజి, అంబలి, మజ్జిగ, జవాబులు వస్తాయి.

రెండో పరీక్ష పోలిక. ఇదే పని ఇంకో చోట ఒక గంట చేయండి. హైదరాబాదులో గచ్చిబౌలి, మాదాపూరు వైపు హాస్టళ్ల పక్కన టీ బండ్ల దగ్గర అమ్మాయిలు నిలబడి టీ తాగడం రోజూ చూసే సంగతే. "మన సంస్కృతి, ఆడవాళ్లు బయట టీ తాగరు" అన్న వివరణ ఇక్కడ కూలిపోతుంది. అదే తెలుగు అమ్మాయి, సంక్రాంతికి ఊరెళితే ఊళ్లో టీ కొట్టు దగ్గర ఆగదు. మనిషి మారలేదు. మారినవేంటి? చేతిలో తన జీతం ఉంది, హాస్టలు గదిలో పొయ్యి లేదు, చుట్టూ తెలిసినవాళ్లు లేరు, ఎవరైనా చూసి ఇంట్లో చెబుతారన్న భయం లేదు, పక్కన ఇంకో పదిమంది అమ్మాయిలున్నారు. ఈ ఐదింట్లో ఏది ఎంత పనిచేస్తోందో విడదీయడానికి మూడో చోటు కావాలి: జీతం ఉన్నా తెలిసినవాళ్లు చుట్టూ ఉన్న చోటు, ఉదాహరణకు జిల్లా కేంద్రంలో కలెక్టరేటు క్యాంటీను.

బస్సును ఎంచుకున్నవాళ్లకు పోలిక ఇంకా తేలిక, ఎందుకంటే తారీఖు ఖచ్చితంగా ఉంది. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి కింద 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో టికెట్టుకు డబ్బు కట్టక్కర్లేదు. "ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారు" అన్న మాటను బస్సులో ఎవరు, ఎవరితో అంటున్నారో రాయండి. మగవాడు టీ కొట్టు దగ్గర గంట కూర్చుంటే "ఊరికే" అన్న మాట ఎన్నిసార్లు వినపడిందో మీ టీ కొట్టు పుస్తకంలో వెతికి, పక్కన పెట్టి చూడండి.

ఏడో రోజు: మాట్లాడటం, ఒక పేజీ రాయడం

మాట్లాడేది ఆఖరి రోజునే. ముందే మాట్లాడితే వాళ్ల వివరణ మీ కళ్లకు గంతలవుతుంది. "ఎందుకు" అని అడగొద్దు. "ఎందుకు" అనగానే జనం న్యాయం చెబుతారు, నీతి చెబుతారు. "నిన్న ఎలా జరిగింది", "మొదటిసారి ఎప్పుడు", "అప్పుడు ఎవరున్నారు" అని అడిగితే సంగతులు చెబుతారు. ఏం చేస్తున్నారో దాచొద్దు: "ఇక్కడికి ఎవరెవరు వస్తారో రాసుకుంటున్నాను" అంటే చాలు. దొంగచాటుగా రికార్డు చేయడం, ఫోటోలు తీయడం వద్దు. కులం నేరుగా అడగొద్దు. పుస్తకంలో పేర్లు వద్దు, క1, క2 అని గుర్తులు పెట్టుకోండి. చిన్న ఊళ్లో "మెకానిక్కు, ఒక కాలు కుంటు" అని రాసినా పేరు రాసినట్టే.

ఆ తర్వాత ఒక్క పేజీ. పైన ఒక వాక్యంలో మీరు తేల్చింది. కింద దాన్ని నిలబెట్టే మూడు లెక్కలో జంటలో, తారీఖు, టైముతో. దాని కింద, మీ మాట తప్పని చూపించగలిగేది ఏమిటో ఒక వాక్యం. ఇది రాయలేకపోతే పై వాక్యం ఇంకా అభిప్రాయమే. "ఇక్కడ పిలుపును నిర్ణయించేది వయసు కాదు, భూమి" అని రాస్తే, భూమి లేని ముసలాయనకు భూమి ఉన్న కుర్రాడు "అండి" అన్న జంటలు రెండు మూడు దొరికితే మాట వెనక్కి తీసుకోవాలి.

ఈ దశలో రెండు జబ్బులు పట్టుకుంటాయి. ఒకటి, అంతా వ్యవస్థే అని మనిషిని తీసిపారేయడం. రేకుల గోడ వెనకున్న ఆమె రెండేళ్లు కొట్లాడి స్కానరు తన పేరున పెట్టించుకుని ఉండొచ్చు. కట్టుబాటు ఎంత గట్టిదైనా దాన్ని రోజూ ఎవరో ఒకరు మోయాలి, మోయనని అనేవాళ్లూ ఉంటారు. రెండోది, ఇతరుల అలవాట్లకు కారణాలు వెతుకుతూ మన అలవాట్లను సహజమనుకోవడం. ఊరి టీ కొట్టును ఏడు రోజులు చూసినవాడు, తన ఆఫీసులో హౌస్‌కీపింగ్ ఆమెకు వేరే లిఫ్టు ఎందుకో ఏడు నిమిషాలైనా చూడాలి.

పేజీ రాశాక కొట్టు ఓనరుకు చదివి వినిపించండి, ఎవరి పేరూ రాకుండా. తప్పులు ఆయనే దిద్దుతాడు, ముఖ్యంగా ఖాతాల దగ్గర, ఎవరెప్పుడు వస్తారన్న దగ్గర. చాలామట్టుకు వినేసి, "ఇందులో కొత్తేముంది, అందరికీ తెలిసిందేగా" అంటాడు. ఆ మాటను కూడా ఎడమవైపు పేజీలో రాసుకోండి, టైముతో సహా.